పద్నాలుగు ఖాళీ పేజీలు

అయినా 'ఈ నవల' అని మొదలుపెడితే తప్పేముంది. ముందుమాటలన్నీ అలాగే మొదలవుతాయి. ఈ నవల చదువుతున్నప్పుడు, ఈ నవల గురించి చెప్పాలంటే, ఈ నవల రాసిన అమ్మాయిని నేను మొదటిసారి చూసినప్పుడు. పొద్దున్నుంచి మూడు రకాలుగానూ మొదలుపెట్టాను, మూడింటినీ కొట్టేశాను. నాలుగోది 'లిఫ్టు నడిపే అమ్మాయి నవల రాస్తే' అని వచ్చింది. చదువుకుంటే నాకే ఒళ్ళు మండింది. లిఫ్టు నడిపే అమ్మాయి రాస్తే ఏమిటట? కళ్ళజోళ్ళ షాపులో కౌంటరు దగ్గర నిలబడే ఆవిడ రాయలేదూ? ఆవిడ నవలకి ముందుమాట రాసిన పెద్దమనిషి 'కళ్ళజోళ్ళు అమ్మే చేత్తో' అని మొదలుపెడితే ఆవిడ రెండ్రోజులు ఎవరితోనూ మాట్లాడకుండా తిరగలేదూ?

ఆ ఆవిడ నేనే.

పదకొండు దాటింది. టేబులు మీద దారంతో కట్టిన ఫైనల్ ప్రూఫు ఉంది, నూటఅరవైరెండు పేజీలు. దాని చుట్టూ నేను నలిపి పడేసిన కాగితపు ఉండలు. టేబులు సొరుగులో, నేను చూడకూడదనుకుంటున్న చోట, గోధుమరంగు కవరు. సొరుగు మూసే ఉంది. మూసి ఉన్న సొరుగుని కూడా చూడకుండా కూర్చోవడం ఎంత కష్టమో ఈ పూటే తెలిసింది. చూపు ప్రూఫు మీద పెడితే మోకాళ్ళకి సొరుగు తగులుతోంది.

మంచం పక్కన మావారు ఇస్త్రీ చేస్తున్నారు. అచ్చయి అమ్ముడుపోకుండా మిగిలిన నా నవల కట్టలు రెండు వరుసలుగా నడుమెత్తున పేర్చి ఉంటాయి అక్కడ. వాటి మీద దుప్పటి పరుచుకుంటారు. కొలతలిచ్చి బల్ల చేయించినా ఇంత బాగా కుదరదని ఆయన మురిపెం.

“అయిందా?” అన్నారు.

“లేదు.”

“ఏం రాయాలి అంతగా? బాగుంది, కొనుక్కోండి అని రాసిపారెయ్.”

“మీరు రాయండి మరి.”

“నాకేం, రాస్తాను. 'ఈ పుస్తకం కట్టలు గట్టిగా ఉంటాయి, చొక్కాలకి ముడత పడదు' అని.”

పదేళ్ళ క్రితమైతే నవ్వేదాన్ని. ఆయన ఎత్తిపొడవడానికి అనలేదు. నాతోపాటు ఎండలో పబ్లిషర్ల ఆఫీసుల మెట్లెక్కి, బయట బెంచీ మీద కూర్చుని, నేను దిగి రాగానే ముఖం చూసి ఏమీ అడగకుండా బండి తిప్పిన మనిషి. ఆయనకి నా పుస్తకం మీద జోకులేసే హక్కు నాకంటే ఎక్కువుంది. అది తెలిసీ చిరాకు పడ్డాను. ఈ మధ్య నాకు చిరాకు రావడానికి కారణం అక్కర్లేదు, మనిషి ఎదురుగా ఉంటే చాలు.

ఫోను మోగింది. జిరాక్స్ అన్నయ్య.

“చెల్లెమ్మా, బతికే ఉన్నావా?”

“ఉన్నాను అన్నయ్యా.”

“ముందుమాట?”

“దానికి ఇంకా ప్రాణం రాలేదు.”

“అలా అనకు తల్లీ, ప్రెస్సువాడు నా ప్రాణం తోడేస్తున్నాడు. నాలుగున్నరకల్లా ఫైలు పంపకపోతే మన వరస ఇంకోడికి ఇచ్చేస్తాడట. ఆ తర్వాత రెండు నెలలు పాఠ్యపుస్తకాలేనట, వేలు పెట్టే సందు కూడా ఉండదట.”

మేం ముగ్గురం రాసేవాళ్ళం. జిరాక్స్ అన్నయ్య, నేను, లిఫ్టమ్మాయి. ఆదివారం పొద్దున అన్నయ్య తన జిరాక్సు షాపు షట్టరు సగం దించితే, వెనక గదిలో కాగితపు రీముల మీద కూర్చుని రాసుకున్నవి చదువుకుంటాం. అన్నయ్య పదిహేనేళ్ళుగా ఒకటే కథ రాస్తున్నాడు. ప్రతి ఆదివారం అది ఒక వాక్యం తగ్గుతుంది. మా ఇద్దరి చేతిరాతలూ కంప్యూటర్లో కొట్టి పేజీలు కట్టేది ఆయనే.

“ఎంత రాయాలి అన్నయ్యా?”

“అదే చెప్పొచ్చేది. పుస్తకం నూటఅరవైరెండు దగ్గర ఆగింది. ప్రెస్సులో పదహారు పేజీలు ఒక ఫారం కదా. పదకొండు ఫారాలంటే నూటడెబ్భైఆరు. పద్నాలుగు పేజీలు తెల్లగా మిగిలిపోతున్నాయి. పబ్లిషరుగారేమన్నారో తెలుసా? 'ఆవిడని తనివితీరా రాయమనండి, పద్నాలుగు పేజీలూ ఆవిడవే' అన్నారు. నీ అదృష్టం చూడు!”

అదృష్టమే. నా నవల్లోంచి నలభై పేజీలు కోయించిన మనిషి ఈరోజు పద్నాలుగు పేజీలు ఉదారంగా ఇస్తున్నాడు, ఇంకొకరి పుస్తకంలో.

నా నవల రాయడానికి నాలుగేళ్ళు పట్టింది. అచ్చులో చూసుకోవడానికి తొమ్మిదేళ్ళు. మొదటి పబ్లిషరు ఆఫీసులో కిటికీ తలుపు గాలికి కొట్టుకోకుండా ఒక రాతప్రతి అడ్డం పెట్టారు. మళ్ళీ వెళ్ళినప్పుడు చూస్తే అది నాదే. రెండో ఆయన ఎనిమిది నెలల తర్వాత ఉత్తరం రాశాడు, మీ వంటల పుస్తకం మాకు సరిపడదని. మూడో ఆయన చదివాడు. నిజంగానే చదివాడు, అక్కడే వచ్చింది చిక్కు. నాయిక ఒక్కసారైనా నవ్వాలన్నాడు. నవ్వించాను. ఇప్పుడు ఏడుపు తేలిపోయింది అన్నాడు. నాలుగో ఆయనే ఈయన, ఈ పద్నాలుగు పేజీల దాత. ఆరేళ్ళపాటు ఆయన నోట నేను విన్నది ఒక్కటే మాట: “వచ్చే నెల చూద్దామండీ.” డెబ్భైరెండు వచ్చే నెలలు. చివరికి ఒక మధ్యాహ్నం నా రాతప్రతి మధ్యకి తెరిచి, తల్లి చనిపోయిన ఇంట్లో కూతురు ఊరికే గోడగడియారం తుడిచే నలభై పేజీలూ వేళ్ళతో పట్టి తూకం వేస్తున్నట్టు ఎత్తి, “ఇక్కడ కథ ముందుకెళ్ళట్లేదండీ” అన్నాడు.

నేను తలూపాను. ఆ తలూపడం నాకు ఇప్పటికీ మెడలో తెలుస్తుంది. అప్పటికి నాలో వాదించే మనిషి ఎవరూ మిగల్లేదు. మర్నాడే కోసిచ్చాను. ఆ పేజీలేమయ్యాయో తెలియదు. పుస్తకం సన్నగా వచ్చింది. అట్ట మీద సూర్యాస్తమయం వేశారు. నా నవలంతా ఒక ఇంటి లోపల జరుగుతుంది.

లిఫ్టమ్మాయి నవల అదే పబ్లిషరుకి నేనే పట్టుకెళ్ళి ఇచ్చాను. పంతొమ్మిది రోజుల్లో ఒప్పుకున్నాడు. పంతొమ్మిది అని నేను లెక్కపెట్టుకోవలసిన అవసరం ఏముందో, ఎందుకు లెక్కపెట్టానో.

ఆ అమ్మాయి ఐదేళ్ళ క్రితం మా షాపుకి కళ్ళజోడు కోసం వచ్చింది. ఆస్పత్రి యూనిఫారం, పగిలిన ఫ్రేముకి ప్లాస్టరు. టెస్టు చేసేటప్పుడు మేం అద్దాలు మార్చి మార్చి పెట్టి ఒకటే ప్రశ్న అడుగుతాం: ఇప్పుడు బాగుందా, ఇంతకుముందు బాగుందా? రోజుకి కొన్ని వందలసార్లు అడుగుతాను. ఎవరైనా ఏదో ఒకటి చెప్తారు. ఈ అమ్మాయి మాత్రం, “రెండూ బాగానే ఉన్నాయి మేడమ్, మీకేది సులువైతే అది ఇవ్వండి” అంది. జేబులోంచి రుమాలు తీస్తే డ్యూటీ స్లిప్పుల బొత్తి కింద పడింది. వెనకవైపు చీమల బారులాంటి అక్షరాలు. ఒకటి తీసి చదివాను, చదవమని ఎవరూ అడక్కుండానే. ఆదివారం జిరాక్సు షాపుకి రమ్మన్నాను.

అప్పట్నుంచి నేను ఆ అమ్మాయికి చేయనిది లేదు. కూర్చోబెట్టి పేరాలు విడగొట్టడం నేర్పాను. పత్రికలకి కవర్లు రాసిచ్చాను. తిరిగొచ్చిన కథల్ని చూసి ఏడిస్తే షాపు వెనక్కి తీసుకెళ్ళి టీ తాగించాను. ఇదంతా నిజం. ఇప్పుడు నేను చెప్పబోయేది కూడా నిజమే. ఈ రెండూ ఒకే మనిషి చేసిందే, కానీ ఎంత ప్రయత్నించినా ఆ మనిషిని ఒక్క ముఖంతో ఊహించుకోలేకపోతున్నాను.

మా ఆదివారాలకి ఒక నియమం ఉంది. పెట్టింది నేనే. ఒక్కో వారం ఒకరి చేతిలో ఎర్ర పెన్సిలు ఉంటుంది. చదివిన దాంట్లో వాళ్ళు ఏది కొట్టేస్తే అది పోయినట్టే. రాసినవాళ్ళు అక్కడికక్కడ వాదించకూడదు. కొట్టేసిన కాగితాలు కొట్టేసినవాళ్ళ దగ్గరే ఉంటాయి. వారం ఆగి, అప్పటికీ కావాలనిపిస్తే నోరు తెరిచి అడగాలి. అడిగితే కారణం చెప్పకపోయినా తిరిగిచ్చెయ్యాలి. నలభై పేజీల దగ్గర నేను నోరు తెరవలేకపోయాను కాబట్టి, మిగతావాళ్ళకైనా నోరు తెరవడం అలవాటు చేద్దామని పెట్టిన నియమం. అన్నయ్య ప్రతి వారం అడిగి తెచ్చుకుంటాడు. “నా కామా నాకిచ్చెయ్” అని పోట్లాడతాడు.

పోయిన ఏడాది ఒక ఆదివారం ఎర్ర పెన్సిలు నా చేతిలో ఉంది. లిఫ్టమ్మాయి ఐదో అధ్యాయం చదివింది.

అందులో లిఫ్టు మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య ఆగిపోతుంది. లోపల లిఫ్టు నడిపే ఆమె, ఒక ముసలాయన. ఆయన చేతిలో ప్లాస్టిక్ కవరు. అందులో ఆయన భార్య చెప్పుల జత, నర్సు తెచ్చి ఇచ్చింది. నలభై నిమిషాలు ఇద్దరూ ఎదురుగా ఉన్న సిమెంటు గోడ చూస్తూ ఉంటారు. ఆవిడ పై అంతస్తులో బతికుందో లేదో అధ్యాయం చెప్పదు. చివర్లో ఆయన చెప్పులు బయటికి తీసి, తిరగేసి చూసి, “ఎడమదే ఎక్కువ అరిగింది. ఇన్నేళ్ళు పక్కన నడిచాను, చూళ్ళేదు” అంటాడు. అంతే. లిఫ్టు కదులుతుంది.

చదవడం అయిపోయింది. అన్నయ్య కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. నలభై పేజీల్లో గడియారం తుడిపించి నేను చెప్పలేకపోయింది ఈ అమ్మాయి ఒక అరిగిన చెప్పుతో చెప్పేసింది. అలా అని ఆ క్షణంలో నేను అనుకోలేదు. అనుకుని ఉంటే బాగుండేది. ఆ క్షణంలో నాకు తెలిసింది చేతిలో పెన్సిలు చల్లగా ఉండటం ఒక్కటే. తర్వాత నా గొంతు వినిపించింది.

“ఇక్కడ కథ ముందుకెళ్ళట్లేదు.”

మాట నాది, లయ ఆ పబ్లిషరుది. చివర 'అండీ' ఒక్కటే తక్కువ.

“లిఫ్టే ఆగిపోయిందిగా చెల్లెమ్మా, కథ ఎక్కడికెళ్తుంది?” అన్నాడు అన్నయ్య.

“నవల అన్నాక ఎక్కడో అక్కడికి వెళ్ళాలి అన్నయ్యా.”

మొదటి కాగితం మీద మూలనుంచి మూలకి ఎర్రగీత గీశాను. లిఫ్టమ్మాయి తలూపింది. ఆ తలూపడం నాకు తెలుసు. పదకొండు కాగితాలూ సర్ది నా చేతికిచ్చింది, జాగ్రత్తగా, నేనేదో మొయ్యడానికి ఒప్పుకున్నట్టు. ఆమెకి వేరే ప్రతి లేదు. అన్నయ్య ఇంకా కంప్యూటర్లో కొట్టలేదు. మర్నాటికి ఆరో అధ్యాయం ఐదోదైంది.

వారమంతా అడుగుతుందని ఎదురుచూశాను. ఆదివారం వచ్చింది. కవరు సంచిలో పెట్టుకునే వెళ్ళాను. అడగలేదు. ఆ పై వారం కూడా పెట్టుకెళ్ళాను. మూడో వారం సొరుగులో పెట్టేశాను. నియమం ప్రకారం నా తప్పేమీ లేదు. అబద్ధం చెప్తున్నానని తెలిసి చెప్పి ఉంటే దానికొక పేరుండేది. నేను నమ్మే చెప్పాను. నమ్మకం మెల్లగా, పంటి నొప్పిలా, ఏ రోజు మొదలైందో తెలియకుండా పోయింది.

ఒంటిగంటకి మళ్ళీ ఫోను. లిఫ్టమ్మాయి. వెనక ఎవరో స్ట్రెచర్ తోస్తున్న చప్పుడు.

“అక్కా, పనిలో ఉన్నారా? తిన్నారా?”

“ఆ. నువ్వు?”

“తింటూనే మాట్లాడుతున్నా. తొందరపెట్టడానికి కాదక్కా. మీకు కుదరకపోతే రెండు ముక్కలు రాసినా చాలు. అసలు రాయకపోయినా చాలు. మీ పేరుంటే చాలు.”

“రాస్తున్నా.”

“ఒకటి చెప్పనా? అన్నయ్య చెప్పొద్దన్నాడు. నా కడుపులో మాట ఆగదు. ప్రూఫులో మూడో పేజీ ఖాళీగా ఉంది చూడండి, అది అంకితం. మీకే.”

ప్రూఫు మూడో పేజీకి తిప్పాను.

“'ఏది వదులుకోవాలో నేర్పిన అక్కకి' అని పెట్టించాను. బాగుందా? అన్నయ్య ఎక్కువైందన్నాడు. ఆయనకి అన్నీ ఎక్కువే కదా, కామాతో సహా.”

నవ్వింది.

“ఆ ఐదో అధ్యాయం,” అన్నాను, “నీకెప్పుడైనా గుర్తొస్తుందా?”

నమలడం ఆగింది.

“లిఫ్టు మూడుకీ నాలుగుకీ మధ్య వెళ్ళేటప్పుడు వస్తుందక్కా. అంటే ఏముంది, రోజుకి ఒక రెండొందల సార్లు.” మళ్ళీ నవ్వింది, ఈసారి కొంచెం ఆలస్యంగా. “అయినా మీరన్నది నిజమే. అక్కడ కథ ముందుకెళ్ళట్లేదు. అది తీసేశాం కాబట్టే పబ్లిషరుగారు ఒప్పుకున్నారు. లేకపోతే నేనూ మీలాగే...” ఆగింది. “అంటే, అలా కాదక్కా.”

“పర్లేదు, చెప్పు.”

“బెల్లు కొడుతున్నారక్కా. పైన ఎవరో ఒంటికాలి మీద లేస్తున్నట్టున్నారు. ఉంటా.”

ఫోను పెట్టేశాక చాలాసేపు మూడో పేజీ వైపు చూస్తూ కూర్చున్నాను. పొద్దున అది నాకు మామూలు ఖాళీ పేజీలా కనిపించింది.

ఆ తర్వాత జరిగిందే నాకు అంతుపట్టదు. పొద్దున్నుంచి ఒక్క వాక్యం కదలనిది, ఇరవై నిమిషాల్లో ముందుమాట రాసేశాను. రెండు పేజీలు. చెయ్యి దానంతటదే నడిచింది. 'తొలి నవలలోనే ఇంత సంయమనం', 'అనవసరమైన ఒక్క మాట కూడా లేని', 'కొత్త రచయితలకు అండగా నిలవడం మనందరి బాధ్యత'. చదువుకుంటే చాలా బాగుంది. ప్రతి వాక్యమూ ఎవరో మర్యాదస్థురాలు రాసినట్టు ఉంది. ఆవిడెవరో తెలిస్తే నాలుగు తిట్టాలనిపించింది.

సొరుగు తెరిచాను.

ఏడాదిగా ఆ కవరు విప్పలేదు. ఇప్పుడు విప్పి, నిలబడే చదివాను. ఒకవేళ అంత బాగాలేదేమో, ఇన్నాళ్ళూ నేనే మనసులో పెంచుకున్నానేమో అన్న చిన్న ఆశ ఉండింది. అదీ పోయింది. అరిగిన ఎడమ చెప్పు దగ్గర ఆగి ఆ వాక్యమే మళ్ళీ చదివాను. వెనక్కి తిప్పి పంక్తులు లెక్కపెట్టాను, అలవాటు కొద్దీ. కాగితానికి ముప్ఫైరెండు పంక్తులు, పదకొండు కాగితాలు, చిన్న చేతిరాత. అచ్చులో పదమూడు పేజీలు రావచ్చు. పద్నాలుగు కూడా రావచ్చు.

ముందుమాట పెడితే అధ్యాయం పట్టదు. అధ్యాయం పెడితే ముందుమాట పట్టదు. పదహారు పేజీల ఫారానికి ఎవరి మీదా పక్షపాతం ఉండదు. ఇప్పుడు బాగుందా, ఇంతకుముందు బాగుందా?

నేనే అన్నయ్యకి పంపి చేర్పించొచ్చు. అది ఇంకో రకం దొంగతనం. నవల ఆమెది, అడగాల్సింది ఆమెని. అడగాలంటే కారణం చెప్పాలి. కారణం చెప్తే మూడో పేజీ ఏమవుతుందో తెలియదు. ఆదివారాలు ఏమవుతాయో తెలియదు. నా పుస్తకం కట్టలు ఇస్త్రీబల్ల అయ్యాక నాకంటూ మిగిలింది ఆ ఒక్క 'అక్కా' అన్న పిలుపే. దాన్ని కూడా చేజేతులా పోగొట్టుకునేంత మంచిదాన్ని కాదు నేను. ఇంతవరకూ ఎప్పుడూ కాలేదు.

రెండూ సంచిలో వేసుకున్నాను, ముందుమాట ఒక అరలో, కవరు ఒక అరలో. ఎర్ర పెన్సిలు ఎందుకు వేసుకున్నానో తెలియదు.

“అయిపోయిందా?” అన్నారు మావారు, చొక్కా కాలరు మీదనుంచి తలెత్తకుండా.

“రెండు పేజీలు.”

“మిగతా పన్నెండూ?”

చెప్పు తొడుక్కుంటూ ఆగిపోయాను. ఫోను మాటలు విన్నారన్నమాట. ఆయన ఇస్త్రీపెట్టె నిలబెట్టి నావైపు చూశారు. పబ్లిషర్ల ఆఫీసుల బయట బెంచీ మీదనుంచి చూసే చూపే అది. ఏమీ అడగలేదు.

“బండి తియ్యనా?” అన్నారు.

“వద్దు. నడుస్తాను.”

ఆస్పత్రి చేరేసరికి రెండున్నర. లిఫ్టు ముందు ఆరుగురు నిలబడి ఉన్నారు. తలుపు తెరుచుకుంది. మూల స్టూలు మీద లిఫ్టమ్మాయి, మెడలో మేం ఇచ్చిన కళ్ళజోడు తాడు. నన్ను చూసి ముఖం విప్పారింది.

“అక్కా! ఏ ఫ్లోరు?”

“నీతోనే.”

అందరూ ఎక్కారు. నన్ను వెనక గోడకి నెట్టేశారు. బకెట్టు పట్టుకున్న వార్డు మనిషి ఆమె పక్కనే నిలబడ్డాడు.

“అమ్మాయ్, నీ పుస్తకం వస్తోందటగా. అందులో నేనున్నానా?”

“ఉన్నావు మావయ్యా. రెండో పేజీలోనే దిగిపోయావు.”

“అంత తొందరేం? కూర్చోబెట్టొచ్చుగా కాసేపు.”

“నీ బకెట్టుకి చోటు చాల్లేదు.”

నవ్వారు. ఒకటి, రెండు, మూడు. మూడు దాటాక తలుపుకున్న సన్నటి అద్దంలోంచి సిమెంటు గోడ కిందికి జారింది, బూడిదరంగు, మధ్యలో ఎవరో మేస్త్రీ సుద్దతో గీసిన అడ్డగీత. నవ్వుతున్న లిఫ్టమ్మాయి ఆ ఒక్క క్షణం అటు చూసింది. మెడ తిప్పలేదు, కళ్ళే కదిలాయి. తర్వాత నాలుగు వచ్చింది. మళ్ళీ నవ్వు ఎక్కడ ఆపిందో అక్కడే అందుకుంది.

పైదాకా వెళ్ళి కిందికి దిగాం. మళ్ళీ జనం. మళ్ళీ ఎక్కాం. చెప్పాల్సిన వాక్యాలు లోపల వరసగా పెట్టుకుంటున్నాను. 'నీతో ఒక మాట చెప్పాలి.' ఇది ముందుమాటలాగే ఉంది. 'నువ్వు అడుగుతావనుకున్నాను.' తప్పు ఆమె మీదికి నెట్టినట్టుంది. 'నాకు అప్పుడు అర్థం కాలేదు.' అబద్ధం, అర్థమవడం వల్లే కదా. మూడో అంతస్తు దాటింది, సుద్దగీత వచ్చింది, ఆమె కళ్ళు కదిలాయి. ఐదో అంతస్తులో తెల్లకోటు ఆయన ఎక్కి గడియారం చూసుకున్నాడు. రెండూ యాభై అని నాకూ కనిపించింది.

కవరు బయటికి తీశాను. లిఫ్టు గోడకి ఆనించి, పెన్సిలుతో దాని మీద రాశాను. లిఫ్టు కుదుపుకి అక్షరాలు మెట్లు మెట్లుగా వచ్చాయి. 'బాగుంది కాబట్టే కొట్టేశాను. ఇది ఉండాలి. ముందుమాట వద్దు.' ఎవరో నా మోచేతి కిందనుంచి చదవబోయారు. కవరు గుండెకి అదుముకుని సంచిలో పెట్టేశాను.

కింద అందరూ దిగిపోయారు. బయట వరస అప్పుడే కట్టారు. తల్లిని చక్రాల కుర్చీలో తోసుకొచ్చిన ఒకావిడ “జరగండమ్మా” అంటోంది. లిఫ్టమ్మాయి ఒక చేత్తో తలుపు మూసుకోకుండా పట్టుకుని, రెండో చెయ్యి నావైపు చాపింది.

“తెచ్చారా అక్కా? ఇటివ్వండి. టీ టైములో పరిగెత్తుకెళ్ళి అన్నయ్యకి ఇచ్చేస్తా.”

అరచెయ్యి తెరిచి ఉంది. వేలి మీద సిరా మచ్చ. సంచిలో చెయ్యి పెట్టాను. ముందు తగిలింది ముందుమాట, పల్చగా, మడత నలగకుండా.

“దిగుతారా లేదా అండీ?” అంది కుర్చీ ఆవిడ.

“ఒక్క నిమిషం,” అన్నాను.

ముందుమాట వదిలేసి, దాని వెనకున్న గోధుమరంగు కవరు తీసి, రాసిన వైపు పైకి ఉండేలా ఆమె చేతిలో పెట్టాను.